అడుగున ఓడ, ఒడ్డున దావా

పెనుకొండలో బస్సు దిగి కొండవైపు నాలుగడుగులు వేస్తే చాలు, చరిత్ర కాళ్లకు తగులుతుంది. కూలిన ప్రాకారాలు, గగన్ మహల్, గడ్డి మొలిచిన బురుజులు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిన తర్వాత విజయనగర రాజవంశం హంపిని వదిలి వచ్చి ఇక్కడి నుంచే ఏలింది. ఆ శిథిలాల మధ్య తిరిగిన ఒక కుర్రవాడు మీసాలు రాకముందే ‘పెనుకొండ లక్ష్మి’ రాశాడు. 1914లో అనంతపురం దగ్గరి చియ్యేడులో పుట్టి, పుట్టపర్తి పేరునే ఇంటిపేరుగా మోసిన నారాయణాచార్యులు ఆయన. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే అదే కావ్యం పాఠ్యగ్రంథంగా ఎదురైంది. తన పుస్తకానికి తానే విద్యార్థి అయిన ఆ కవి స్మృతిలో ఇచ్చే ఈ ఉపన్యాసానికి శిథిలాల కన్నా తగిన విషయం దొరకదు. అయితే ఇక్కడ చెప్పబోయే శిథిలాలు నడిచి చేరుకోగలిగేవి కావు. అవి సముద్రం అడుగున ఉన్నాయి.

చిత్రావతి ఏటిలో నీళ్లు పారితే పండగ చేసుకునే సీమలో సముద్రం సంగతి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఈ సీమను ఏలిన రాజ్యం బతికింది ఓడల మీదే. విజయనగర సైన్యం ఎక్కిన మేలుజాతి గుర్రాలు హోర్ముజ్ నుంచి, అరేబియా నుంచి ఓడల్లో వచ్చి పడమటి రేవుల్లో దిగేవి. 1510లో గోవాను పట్టుకున్న పోర్చుగీసువారు ఆ వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు. వాళ్ల ఓడలు ఇక్కడి నుంచి మిరియాలు తీసుకుపోయేవి. వచ్చేటప్పుడు రాగి, దంతం, బంగారు నాణేలు తెచ్చేవి. తెచ్చినవన్నీ చేరాయా అంటే, లేదు.

1533 వసంతంలో లిస్బన్ నుంచి భారతదేశానికి బయలుదేరిన ‘బోమ్ జెసుస్’ చేరలేదు. అప్పుడు హంపిలో అచ్యుతదేవరాయలు సింహాసనం మీద ఉన్నాడు. లేపాక్షిలో విరూపణ్ణ సోదరులు వీరభద్రాలయం కట్టించింది ఆయన ఏలుబడిలోనే. ఆ ఓడ ఏమైందో దాదాపు అయిదు వందల ఏళ్లు ఎవరికీ తెలియలేదు. 2008 ఏప్రిల్‌లో ఆఫ్రికా నైరుతి తీరంలో, నమీబియాలోని ఒరాన్యెముండ్ అనే గని ఊరి దగ్గర, వజ్రాల కోసం తవ్వుతున్నవాళ్లకు ఒక రాగి దిమ్మె దొరికింది. దాని మీద త్రిశూలం ముద్ర ఉంది. అది జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు చెందిన ఫుగ్గర్ల వ్యాపార చిహ్నం. తవ్వగా రెండు వేలకు పైగా బంగారు నాణేలు, వందకు పైగా ఏనుగు దంతాలు, టన్నుల కొద్దీ రాగి దిమ్మెలు బయటపడ్డాయి. అది బోమ్ జెసుసే అయి ఉంటుందని పరిశోధకుల అభిప్రాయం. ఆ దంతాలు పశ్చిమాఫ్రికా అడవి ఏనుగులవని, కనీసం 17 వేర్వేరు మందలవని 2020 చివర్లో జన్యు పరీక్షలు తేల్చాయి.

ఆ తవ్వకం ఎలా జరిగిందో కాస్త ఆగి చూడాలి. అక్కడ గని కంపెనీ సముద్రాన్ని పెద్ద ఇసుక కట్టతో వెనక్కి నెట్టి, లోపలి నీళ్లు తోడి, అడుగును ఎండగట్టి తవ్వుతుంది. చెరువుకట్ట తెగకుండా రాత్రంతా కాపలా కాసిన రైతుకు ఆ కష్టం అర్థమవుతుంది. ఇక్కడ కట్టకు అవతల ఉన్నది అట్లాంటిక్. అలలు రోజూ కట్టను కొరుకుతూనే ఉంటాయి, రోజూ మళ్లీ ఇసుక పోయాలి. ఆ కట్ట నిలిచిన కొద్ది వారాల్లోనే పురావస్తు శాస్త్రజ్ఞులు పని ముగించాలి. పైకి తీసిన తర్వాత అసలు చాకిరీ మొదలవుతుంది. శతాబ్దాలు ఉప్పునీటిలో నానిన చెక్కను అలాగే ఎండనిస్తే పగిలి పొడిపొడి అవుతుంది. ఇనుము గాలి తగలగానే పొరలు పొరలుగా రాలిపోతుంది. అందుకే నీటి తొట్లలో ఉంచి, నీళ్లు మారుస్తూ, ఏళ్ల తరబడి ఉప్పును లాగాలి. ఓడను పైకి తీయడానికి నెలలు, దాన్ని నిలబెట్టడానికి ఒక తరం. చాలా వెలికితీతలు విఫలమయ్యేది ఈ రెండో దశలోనే. దానికి డబ్బిచ్చే పెట్టుబడిదారు ఉండడు.

న్యాయపరంగా బోమ్ జెసుస్‌ది అదృష్టమైన కథ. రాజుగారి ఓడ మునిగినా రాజుదేనన్న ఆనవాయితీ ప్రకారం పోర్చుగల్ తన హక్కు అడగవచ్చు. అడగలేదు. దొరికినదంతా నమీబియాకే ఉండనిచ్చింది. మిగతా ఓడలకు ఆ యోగం పట్టలేదు.

మునిగిన ఓడ విషయంలో చట్టం మూడు రకాలుగా మాట్లాడుతుంది, ఒకదానికొకటి పొసగదు. మొదటిది వర్తకుల చట్టం. ప్రమాదంలో ఉన్న సరుకును కాపాడినవాడికి దాని విలువలో వాటా ఇవ్వాలి. బయటికి తీస్తేనే కూలి, తీయలేకపోతే పైసా లేదు. తుపానులో కొట్టుకుపోతున్న ఓడను ఒడ్డుకు లాగినవాళ్ల కోసం పుట్టిన నియమమిది, ఆ పనికి ఎంతో న్యాయమైనది. నాలుగు వందల ఏళ్ల కిందట మునిగిన ఓడకు ఇంకా ఏ ప్రమాదం మిగిలిందో ఆ చట్టం అడగదు. రెండోది రాజ్యాల చట్టం. యుద్ధనౌక ఎక్కడ మునిగినా, ఎన్నేళ్లయినా, జెండా దేశానిదే. మూడోది వారసత్వ చట్టం. 2001 నవంబరులో యునెస్కో ఆమోదించిన ఒడంబడిక 2009 జనవరిలో అమల్లోకి వచ్చింది. నూరేళ్లకు పైగా నీటిలో ఉన్నదాన్ని వారసత్వంగా చూడాలని, వ్యాపారం కోసం తీయరాదని, ఉన్నచోటే ఉంచి కాపాడటాన్ని మొదట ఆలోచించాలని అది చెబుతుంది. ఈ మూడింటిలో ఏది వర్తిస్తుందన్నది తరచూ ఓడ ఎక్కడ ఉందన్నదాని కన్నా, సరుకు ఏ రేవులో దిగిందన్నదాని మీద, ఏ దేశపు కోర్టు మెట్లెక్కారన్నదాని మీద ఆధారపడుతుంది.

స్పెయిన్ యుద్ధనౌక ‘మెర్సిడెస్’ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. 1804లో పోర్చుగల్ తీరం దగ్గర బ్రిటిష్ ఫిరంగులకు పేలిపోయింది. 2007లో అమెరికన్ కంపెనీ ఒడిస్సీ మెరైన్ ఎక్స్‌ప్లొరేషన్ దానిలోని 5,94,000 నాణేలను తీసి విమానంలో ఫ్లోరిడా చేర్చింది. స్పెయిన్ అమెరికా కోర్టులో తన హక్కు చెప్పుకుని గెలిచింది. 2012 ఫిబ్రవరిలో స్పెయిన్ సైనిక విమానాలు వచ్చి నాణేలు తీసుకెళ్లాయి. ఆ వెండి మా గనుల్లోది, మా మనుషులు తవ్వినది, లిమాలో ముద్రించినది అని పెరూ మొరపెట్టుకుంది. కోర్టు వినలేదు. జెండా ఎవరిదని చట్టం అడిగింది, వెండిని తవ్విన చేతులెవరివని అడగలేదు.

ఇప్పుడు ఇంటి దగ్గరి కథకు రావాలి.

శరావతి నది మీది జలపాతానికి పాతపేరు గేరుసొప్ప. ఆ పేరు పెట్టిన సరుకుల ఓడ ‘గేరుసొప్ప’ 1940 చివరలో కలకత్తా నుంచి టీ, ముడి ఇనుము, వెండి ఎత్తుకుని బయలుదేరింది. 1941 ఫిబ్రవరిలో, ఐర్లండ్‌కు నైరుతిగా, బొగ్గు అడుగంటి, ఎదురుగాలిలో నెమ్మదిగా పోతుంటే జర్మన్ జలాంతర్గామి టార్పెడో వేసింది. ఓడలో ఉన్న 86 మందిలో బతికింది ఒక్కడు, సెకండ్ ఆఫీసర్ రిచర్డ్ ఏర్స్. ఒక లైఫ్‌బోటు పదమూడు రోజులు కొట్టుకుపోయి కార్న్‌వాల్ ఒడ్డుకు చేరింది. అందులో ఎక్కినవాళ్లలో ఎక్కువమంది లస్కర్లు, అంటే బ్రిటిష్ ఓడల్లో బొగ్గు వేసి, తాళ్లు లాగి, వంట చేసిన మన దేశపు నావికులు. ఒడ్డు కంటబడేసరికే ఆ పడవలో ఎక్కువమంది చనిపోయారు.

యుద్ధబీమా కింద సరుకుకు నష్టపరిహారం ఇచ్చింది కాబట్టి వెండి బ్రిటిష్ ప్రభుత్వానిదైంది. వెలికితీతకు ఆ ప్రభుత్వం ఒడిస్సీ కంపెనీతో ఒప్పందం చేసుకుంది: ఖర్చులు పోను మిగిలిన దానిలో నూటికి ఎనభై కంపెనీకి. ఓడ ఉన్న లోతు 4,700 మీటర్లు. మనిషి దిగలేని చోటు. తాడు చివర కట్టిన యంత్రాన్ని దించి, పైన ఓడలో కూర్చుని తెర మీద చూస్తూ, ఇనుప పలకలు కోసి, దిమ్మెలు ఒక్కొక్కటిగా ఎత్తారు. 2012, 2013ల్లో కలిపి దాదాపు 110 టన్నుల వెండి తీశారు. జరీ పోగులో వెండి ఎంతుందో గ్రాముల్లో లెక్కగట్టే ధర్మవరం నేతన్నకు ఇది ఊహకు అందని బరువు.

వెండి కన్నా విలువైనది ఒకటి అదే ఓడలో దొరికింది: ఉత్తరాల మూటలు. చీకటి, చలి, గాలి లేని అడుగు వాటిని డెబ్బై ఏళ్లకు పైగా కాపాడాయి. ఏడు వందలకు పైగా ఉత్తరాలను నిపుణులు పొర పొర విడదీసి ఆరబెట్టారు. భారతదేశంలో ఉన్న సైనికులు, ఉద్యోగులు ఇళ్లకు రాసుకున్న కబుర్లవి. 2018లో లండన్ పోస్టల్ మ్యూజియం వాటిని ప్రదర్శనకు పెట్టింది. కాగితానికి ఇంత శ్రద్ధ దక్కడం ఆనందమే. దిమ్మెల కోసం వెళ్లిన యంత్రమే ఉత్తరాలనూ తెచ్చిందన్నది మరిచిపోకూడదు. డబ్బు లేకపోతే ఆ లోతుకు ఎవరూ వెళ్లేవారు కాదు. వెలికితీత కంపెనీలను దొంగలని ఒక్కమాటలో తీసిపారేసేవాళ్లు ఈ ఇబ్బందికరమైన నిజానికి జవాబు చెప్పాలి.

రెండో కథ ఇంకా బరువైనది. 1942 నవంబరు 20న ‘తిలావా’ అనే ప్రయాణికుల ఓడ బొంబాయి నుంచి తూర్పు, దక్షిణాఫ్రికా రేవులకు బయలుదేరింది. 958 మంది ఉన్నారు. ఎక్కువమంది భారతీయులు, ఆఫ్రికాలో కొట్లు పెట్టుకున్నవాళ్లు, పనులకు పోతున్నవాళ్లు, భర్తల దగ్గరికి పిల్లలతో వెళుతున్న ఆడవాళ్లు. 23వ తేదీ తెల్లవారుజామున సీషెల్స్‌కు ఈశాన్యంగా నడిసముద్రంలో జపాన్ జలాంతర్గామి ‘ఐ-29’ టార్పెడో వేసింది. ఓడ వెంటనే మునగలేదు. నీళ్లలోకి దిగినవాళ్లలో కొందరు ధైర్యం తెచ్చుకుని తిరిగి ఎక్కారు. అప్పుడు రెండో టార్పెడో తగిలింది. 280 మంది పోయారు. రెండు రోజుల తర్వాత ‘బర్మింగ్‌హామ్’ అనే యుద్ధనౌక 674 మందిని ఎత్తుకుంది.

ఆ జలాంతర్గామి పేరు భారతీయులకు ఇంకోచోట వినిపిస్తుంది. అయిదు నెలల తర్వాత, 1943 ఏప్రిల్‌లో, మడగాస్కర్ దగ్గర సముద్రంలో జర్మన్ జలాంతర్గామి నుంచి సుభాష్ చంద్రబోస్‌ను ఎక్కించుకున్నది ఇదే ఐ-29. ఆ ప్రయాణం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. తిలావా ఎక్కలేదు.

తిలావాలో 2,364 వెండి దిమ్మెలున్నాయి. దక్షిణాఫ్రికా ప్రభుత్వం నాణేలు ముద్రించడానికి బొంబాయిలో కొన్న వెండి అది. 2017లో ఆర్జెంటమ్ ఎక్స్‌ప్లొరేషన్ అనే బ్రిటిష్ కంపెనీ రెండున్నర కిలోమీటర్ల లోతు నుంచి దాన్ని తీసి సౌతాంప్టన్ రేవుకు చేర్చింది. దక్షిణాఫ్రికా అడిగి చేయించుకున్న పని కాదు. కంపెనీ తనంత తాను తీసి, తర్వాత కూలి అడిగింది. వెండి మాదే, మా మీద మీ కోర్టులో దావా చెల్లదని దక్షిణాఫ్రికా అంది. పరాయి ప్రభుత్వపు సొత్తును కోర్టుకు లాగకూడదని బ్రిటన్ 1978లో చేసిన చట్టం చెబుతుంది. అది వర్తక ప్రయోజనానికి వాడుకలో ఉంటే మాత్రం లాగవచ్చు. దాంతో వ్యాజ్యమంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: టార్పెడో తగిలిన ఆ వేకువలో, ఓడ గర్భంలో పేర్చి ఉన్న వెండి ‘వాడుకలో’ ఉన్నట్టా, లేనట్టా? ఛార్జీ కట్టి వ్యాపార ఓడలో పంపారు కాబట్టి వాడుకలో ఉన్నట్టేనని బ్రిటన్‌లోని హైకోర్టు, అప్పీలు కోర్టు అన్నాయి. 2024 మేలో అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా కాదన్నారు. పెట్టెలో ఉన్న సరుకు ఊరికే ఉంటుంది, దాన్ని ఎవరూ వాడటం లేదని తేల్చారు. తీర్పుకు ముందే ఇరుపక్షాలు రాజీపడ్డాయి. అయినా న్యాయసూత్రం స్పష్టం కావాలని కోర్టు తీర్పు చెప్పింది.

తీర్పు సరైనదే. ప్రభుత్వాల సొత్తు మీద అడగకుండా చెయ్యి వేసి కూలి పట్టుకుపోయే దారి దానివల్ల ఇరుకైంది. మనసుకు పట్టేది మరొకటి. మూడు కోర్టుల్లో ఏళ్ల తరబడి సాగిన ఆ వాదనలో వెండి కొన్నవాడు ఉన్నాడు, వెండి తీసినవాడు ఉన్నాడు. 280 మంది పోయిన చోటు అది. వాళ్ల తరఫున నిలబడటానికి కక్షిదారు లేడు. బొంబాయి రేవులో ఎక్కినవాళ్లు, బొంబాయిలో అమ్మిన వెండి. భారతదేశం మాత్రం ఆ వ్యాజ్యంలో ఎక్కడా లేదు. ఉండటానికి చట్టం సందు ఇవ్వలేదు. నూరేళ్లు నిండలేదు కాబట్టి యునెస్కో ఒడంబడిక కూడా తిలావాను 2042 దాకా తాకదు. ఇరవయ్యో శతాబ్దపు యుద్ధాల్లో మునిగిన ఓడలన్నిటికీ ఇదే గతి. సంతానం బతికి ఉన్న రోజుల్లో అవి సరుకు, అందరూ పోయాక వారసత్వం. ఈ లెక్క తిరగబడి ఉంది.

దీనికి ఎదురుగా విశాఖపట్నం నిలబడుతుంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి విశాఖ ఓడరేవు ముంగిట్లో పెద్ద పేలుడు వినిపించింది. పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ 93 మందితో మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే కారణమని భారతదేశం అంటుంది. లోపలి పేలుడో, తాము వేస్తున్న మందుపాతరో కారణమని పాకిస్తాన్ వైపు వాదన. ఘాజీ అసలు పేరు ‘డయాబ్లో’. రెండో ప్రపంచయుద్ధం చివర్లో అమెరికా కట్టి, 1964లో పాకిస్తాన్‌కు అద్దెకిచ్చింది. మునిగిన కొద్ది రోజులకే నౌకాదళం గజ ఈతగాళ్లు ‘నిస్తార్’ ఓడ నుంచి దిగి కొన్ని కాగితాలు పైకి తెచ్చారు. జలాంతర్గామిని పైకి లేపుతామని అమెరికా, సోవియట్ యూనియన్ ముందుకొచ్చినా భారత ప్రభుత్వం ఒప్పుకోలేదని అంటారు. 2024లో నౌకాదళం కొత్త రక్షణ జలాంతర్గామి ఆ శిథిలాన్ని మళ్లీ గుర్తించింది. చనిపోయినవారికి గౌరవంగా దాన్ని తాకలేదు.

కట్టించింది ఒక దేశం, జెండా రెండో దేశానిది, పడి ఉన్నది మూడో దేశపు నీటిలో. న్యాయవాదులకు దీనికన్నా పెద్ద పండగ ఉండదు. అయినా యాభై ఏళ్లలో ఎవరూ కోర్టుకు వెళ్లలేదు. శత్రువు సమాధిని అలాగే ఉండనివ్వడమే సబబని ఒక దేశం తనంత తాను అనుకున్నందువల్ల అది సాధ్యమైంది. విశాఖ బీచ్‌లో విజయస్తూపం ఉంది, ‘కుర్సురా’ మ్యూజియం ఉంది, 2017లో ‘ఘాజీ’ సినిమా కూడా వచ్చింది. అంత గెలుపు గర్వంలోనూ ఆ ఇనుప పెట్టెను పైకి లేపకపోవడం తెలుగు తీరం గర్వించదగ్గ విషయం.

అయితే పెద్దమనసు చట్టానికి ప్రత్యామ్నాయం కాదు. భారతదేశం 1995లో అంతర్జాతీయ సాల్వేజ్ (వెలికితీత) ఒడంబడికలో చేరింది. అది కూలి ఎలా లెక్కకట్టాలో చెబుతుంది. 2011లో నైరోబీ ఒడంబడికలో చేరింది. అది దారికి అడ్డమైన, ప్రమాదకరమైన శిథిలాలను ఎవరి ఖర్చుతో తొలగించాలో చెబుతుంది. మునిగిన ఓడను వారసత్వంగా చూడమనే 2001 ఒడంబడికలో మాత్రం చేరలేదు. సరుకుకు, చెత్తకు సంతకం చేసి జ్ఞాపకానికి చేయకపోవడం సమంజసం కాదు. పదకొండు వేల కిలోమీటర్లు దాటిన తీరం ఉన్న దేశం ఇది. లస్కర్లను, కూలీలను, వర్తకులను లోకంలోని ప్రతి సముద్రం మీదికి పంపిన దేశం. దాని మనుషులు పడి ఉన్న ఓడలు చాలావరకు పరాయి నీళ్లలో ఉన్నాయి. ఒడంబడికలో చేరిన దేశం ఆ ఓడలతో తమకున్న చారిత్రక సంబంధాన్ని చూపి, వాటి సంగతి మాట్లాడే చోట కూర్చునే హక్కు అడగగలదు. చేరని దేశం పత్రికల్లో చదువుకుంటుంది.

చేతకాక దూరంగా ఉందామనుకునే రోజులూ పోయాయి. పురావస్తు శాఖకు 2001 నుంచి నీటి అడుగు విభాగం ఉంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లుగా మునిగిన ఓడలను పరిశీలిస్తున్నారు. 2025 జులైలో విశాఖపట్నంలో హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన కొత్త ‘నిస్తార్’ నౌకాదళంలో చేరింది. 1971లో ఘాజీ దగ్గరికి ఈతగాళ్లను దించిన ఓడ పేరే దానికి పెట్టారు. దాని యంత్రాలు వెయ్యి మీటర్ల లోతుకు దిగుతాయి. తిలావా లోతుకు అది చాలదు. ఒడ్డున చేయవలసిన పనికి ఏ యంత్రమూ అక్కర్లేదు: మన రేవుల నుంచి బయలుదేరి మునిగిన ఓడల పట్టిక, ఎక్కినవారి పేర్లు, వారి ఊళ్లు.

కొంత పని ఇప్పటికే జరిగింది. రెండో ప్రపంచయుద్ధంలో సముద్రం పాలైన భారతీయ నావికుల పేర్లు, ఆరు వేలకు పైగా, ఒక పుస్తకంలో రాసిపెట్టారు. దాని ఒక ప్రతి చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో, ఇంకొకటి ముంబయి నావికుల వసతిగృహంలో ఉన్నాయి. తిలావా ప్రయాణికులకు అలాంటి పుస్తకం లేదు. ఆ ఓడలో పోయినవారి మనవలు, మనవరాళ్లు 2022 నవంబరులో, ఎనభై ఏళ్లు నిండిన రోజున, ముంబయిలో కలుసుకున్నారు. తమ వాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా కూర్చుకునే పనిలో ఉన్నారు.